వై2కె రోజులు: సర్కారు కంప్యూటర్లను 2000 సంవత్సరానికి ఎలా సిద్ధం చేశారు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈమధ్య మా అన్నయ్య కూతురి ముందు వై2కె అన్నాను. "ఆ వదులు జీన్సుల ఫ్యాషనేగా బాబాయ్?" అంది. తప్పు తనది కాదు. వై2కె అంటే ఇయర్ 2000, ఆ ఏడు రాగానే కంప్యూటర్లు తేదీల లెక్క తప్పుతాయన్న సమస్య. ఆ పేరు చెబితే ఒకప్పుడు మంత్రులకు కూడా నిద్ర పట్టేది కాదంటే ఈ తరం నమ్మదు. అమీర్‌పేటలో కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, 2000కు ముందు రెండేళ్లూ అమెరికాలో ఒక రాష్ట్ర ప్రభుత్వ శాఖ ప్రోగ్రాములు సరిచేసినవాడిని కాబట్టి పెళ్లిళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్నలు నాకు తరచూ ఎదురవుతుంటాయి. జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఎక్కువ భాగం అమెరికా ప్రభుత్వం గురించే ఉంటుంది. నేను దగ్గర నుంచి చూసింది అదే, లెక్కలు బయటపెట్టి పనిచేసిందీ అదే.

అసలు సమస్య ఏమిటి? ఒక్క ముక్కలో చెప్పండి.

సంవత్సరాన్ని నాలుగు అంకెల్లో కాకుండా రెండంకెల్లో దాచుకున్నారు. 1999 అంటే 99. దాని తర్వాత వచ్చేది 00. మనకు అది 2000. యంత్రానికి మాత్రం 99 కంటే చిన్న అంకె, అంతే.

ఒక్క ముక్క చాలదంటే ఒక పెన్షన్ లెక్క చూడండి. ఒకాయన 1935లో పుట్టాడు. 1999లో ప్రోగ్రాము 99 లోంచి 35 తీసేస్తుంది, వయసు 64. బాగానే ఉంది. 2000లో 00 లోంచి 35 తీస్తే మైనస్ 35 వస్తుంది. వయసు ఎప్పుడూ మైనస్ కాదు కదా అని, వయసు రాసుకునే ఫీల్డులో, అంటే గడిలో, మైనస్ గుర్తుకు చోటే ఇవ్వలేదు. గుర్తు రాలిపోయి 35 మిగులుతుంది. అరవై అయిదేళ్ల పెద్దాయన కాస్తా ముప్పై అయిదేళ్ల కుర్రాడైపోతాడు. కుర్రాడికి పెన్షనేంటి, ఆపేయ్!

ప్రోగ్రాము ఆగిపోదు, ఎర్రర్ చూపించదు. తప్పు జవాబు ఇచ్చి నిమ్మళంగా పక్క రికార్డుకు వెళ్తుంది. మాకు టెన్షన్ అదే. ఆగిపోయే ప్రోగ్రామైతే కనీసం మనకు తెలిసేలా ఆగుతుంది.

ఆ రెండంకెలు మిగిల్చి ఏం బావుకున్నారు? ముందుచూపు లేదా?

అప్పట్లో సమాచారాన్ని రంధ్రాలుగా దాచే పంచ్ కార్డు మీద ఉండేది 80 గళ్లు. పేరు, చిరునామా, నంబరు, మొత్తం, తేదీ అన్నీ ఆ ఎనభైలోనే సర్దాలి. అందులో ప్రతి తేదీకీ 19 అని రెండు గళ్లు ఖర్చుపెట్టడం దండగ. తర్వాత టేపులు, డిస్కులు వచ్చినా మెమరీ చాలా ఖరీదు. లక్షల రికార్డుల మీద రెండేసి అక్షరాలు మిగలడమంటే నిజంగానే డబ్బు మిగలడం. రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. తమ ప్రోగ్రాము ముప్పై ఏళ్లు బతుకుతుందని వాళ్లు కలలో కూడా అనుకోలేదు.

హెచ్చరించినవాళ్లు లేకపోలేదు. బాబ్ బీమర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1970ల మొదట్లోనే దీని గురించి రాశాడు, ఎవరూ పట్టించుకోలేదు. పైగా అమెరికా ప్రభుత్వం 1968లో తన శాఖల మధ్య సమాచార మార్పిడికి తేదీ ప్రమాణం ఒకటి తెచ్చింది. అందులో సంవత్సరానికి ఇచ్చినవి రెండంకెలే. సర్కారే రెండు చాలన్నాక కింద కూర్చున్న ప్రోగ్రామరు నాలుగు ఎందుకు రాస్తాడు?

కంపెనీలకూ ఉన్న సమస్యే కదా, ప్రభుత్వాలకే అంత కంగారెందుకు?

మూడు కారణాలు. ప్రభుత్వ వ్యవస్థలు పాతవి. ఒక శాఖ సమాచారం ఇంకో శాఖలోకి ప్రవహిస్తూ ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, వాటికి ప్రత్యామ్నాయం లేదు. ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ చెడితే పక్క బ్యాంకుకు వెళ్తాం. పెన్షన్ ఇచ్చే ఆఫీసు, పన్ను లెక్క చూసే ఆఫీసు, విమానాలకు దారి చూపే టవరు ఒక్కొక్కటే ఉంటాయి.

అందరికంటే ముందు మేలుకున్నది ఎవరు?

అమెరికా సోషల్ సెక్యూరిటీ శాఖ. మన భాషలో వృద్ధాప్య, వైకల్య పెన్షన్ల శాఖ అనుకోండి. 1989లోనే మొదలుపెట్టింది. దూరదృష్టి అని పొగడాలనిపిస్తుంది గానీ, దెబ్బ తగిలాకే చూసుకున్నారు. పొరపాటున ఎక్కువ చెల్లించిన సొమ్మును వాయిదాల్లో రాబట్టుకునే ప్రోగ్రాము ఒకటి వాళ్లకు ఉండేది. ఆ వాయిదాల తేదీలు 2000 దాటాల్సి వచ్చేసరికి అది మొరాయించింది. పదేళ్ల ముందే గంట మోగినట్టయింది. భవిష్యత్తు తేదీలతో పనిచేసే ప్రతిచోటా ఇంతే, గడువు 2000 జనవరి 1 కాదు, ఇంకా ముందే వస్తుంది.

వాళ్ల దగ్గర ఉన్న కోడ్ మూడు కోట్ల వరుసల పైమాటే. అంత ముందు మొదలుపెట్టి కూడా ఒక పెద్ద విషయం మర్చిపోయారు. వైకల్య పెన్షన్‌కు ఎవరు అర్హులో తేల్చే పని రాష్ట్రాల్లోని ఆఫీసులది. వాటి కంప్యూటర్లు వేరు, ప్రోగ్రాములు వేరు. మొదటి లెక్కలో అవి లేనే లేవు. 1997లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) ఆడిట్ సంస్థ జీఏఓ ఆ సంగతి ఎత్తిచూపాక గానీ వాటిని జాబితాలో కలపలేదు. ఇల్లంతా అలికి గడప మరిచినట్టు.

సిద్ధం చేయడమంటే ఏం చేశారు? క్రమం ఏమిటి?

జీఏఓ అయిదు దశలు చెప్పింది. విషయం అందరికీ తెలియజేయడం, ఎక్కడెక్కడ సమస్య ఉందో లెక్క తీయడం, సరిచేయడం, పరీక్షించడం, వాడకంలోకి తేవడం. కాగితం మీద అయిదూ ఒకే పొడవుగా కనిపిస్తాయి. నన్నడిగితే సరిచేయడం చిన్న పని. వెతకడం, పరీక్షించడం ఈ రెండే ప్రాణం తీశాయి.

లెక్క తీయడం ఎందుకంత కష్టమో చెప్తాను. తేదీలు దాచిన ఫీల్డుల పేర్లలో డేట్ అనో, ఇయర్ అనో ఉంటుందని అనుకుంటాం. ఆ పదాలు వెతికే టూల్స్ కూడా ఉండేవి. నేను పనిచేసిన చోట ఒక ప్రోగ్రాములో సంవత్సరం టెంప్-3 అనే ఫీల్డులో దాక్కుని ఉంది. రెండు ఫీల్డులు మారి, మూడోదానిలోకి జరిగి, అక్కడ కూడికకు గురై, చివరకు ఒక ఉత్తరం మీద అచ్చవుతోంది. ఏ టూల్ దాన్ని పట్టుకోలేదు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటవుట్ నేల మీద పరిచి, పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ వెళ్తే దొరికింది. రాసినాయన రిటైరై చాలా ఏళ్లయింది. ఆయన వదిలిన ఒకే ఒక్క కామెంటు: ఇది ఎందుకు పనిచేస్తోందో తెలియదు, ముట్టుకోవద్దు.

కొన్ని ప్రోగ్రాములకైతే సోర్స్ కోడే లేదు. నడిచే రూపం ఉంది, రాసిన రూపం పోయింది. అలాంటివి మళ్లీ మొదటి నుంచి రాయాల్సిందే, లేదా మూసేయాల్సిందే. మూసేసినవి తక్కువేం కాదు. ఎవరూ చదవని రిపోర్టులను ఇరవై ఏళ్లుగా ప్రతి శుక్రవారం అచ్చువేస్తున్న ప్రోగ్రాములు బయటపడ్డాయి. వై2కె వల్ల జరిగిన మేలు ఇదొకటి. సర్కారు దగ్గర ఏమేం కంప్యూటర్లున్నాయో సర్కారుకు మొదటిసారి తెలిసింది.

రెండంకెలను నాలుగు చేస్తే సరిపోయేది కదా?

చెప్పడం తేలిక. ఒక రికార్డులో 41వ గడి నుంచి 46 వరకు తేదీ ఉందనుకోండి. దాన్ని ఎనిమిది గళ్లు చేస్తే 48 వరకు సాగుతుంది. 47లో మొదలయ్యే మొత్తం 49కి జరగాలి. ఆ ఫైలును చదివే ప్రతి ప్రోగ్రామూ అదే రాత్రి మారాలి. ఒక్కటి మారకపోయినా అది తేదీ చివరి రెండంకెలను మొత్తంలో మొదటి అంకెలుగా చదివేస్తుంది. ఆ ఫైలును ఇంకో శాఖ కూడా చదువుతుంటే వాళ్లతో కూర్చుని మాట్లాడాలి, ముహూర్తం పెట్టుకోవాలి. అందుకే విస్తరణ శుభ్రమైన దారే అయినా ఖరీదైన దారి.

చౌక దారి కిటికీ పద్ధతి. మేమంతా విండోయింగ్ అనేవాళ్లం. రికార్డు ముట్టుకోరు, ప్రోగ్రాములో ఒక నియమం పెడతారు. 00 నుంచి 49 వరకు ఉంటే 20 చేర్చు, 50 నుంచి 99 వరకు ఉంటే 19 చేర్చు. నాలుగు వరుసల పని. ఆ రోజుల్లో జరిగిన మరమ్మతుల్లో చాలా భాగం ఇదే.

పుట్టిన తేదీల దగ్గర మాత్రం ఇది పనికిరాదు. పెన్షన్ ఫైళ్లలో 1912లో పుట్టిన ముసలమ్మ ఉంటుంది, 2012లో పుట్టబోయే పిల్లవాడూ వస్తాడు. ఇద్దరికీ 12 ఒక్కటే. అక్కడ నాలుగంకెలు పెట్టి తీరాలి. ఈ తేడా గ్రహించకుండా అన్నిచోట్లా ఒకే కిటికీ బిగించిన టీములను చూశాను. మేనేజర్లు వారానికి ఎన్ని ప్రోగ్రాములు పూర్తయ్యాయనే అడిగేవాళ్లు. ఎలా పూర్తయ్యాయని అడిగినవాళ్లు తక్కువ.

మార్చడానికి అసలు వీల్లేని యంత్రాలకు ఇంకో చిట్కా ఉండేది. గడియారాన్ని 28 ఏళ్లు వెనక్కి తిప్పి 1972లో పెట్టడం. క్యాలెండరు 28 ఏళ్లకోసారి తిరిగి వస్తుంది కాబట్టి వారాలు, లీపు రోజు అన్నీ కుదురుతాయి. ఇంట్లో వీసీఆర్‌కు కూడా చాలామంది ఇదే చేశారు.

సరిచేశాక పరీక్షించడం ఎలా? గడియారం ముందుకు తిప్పి చూస్తే చాలదా?

రోజూ నడిచే పెద్ద కంప్యూటరు, అంటే మెయిన్‌ఫ్రేమ్ మీద గడియారం ముందుకు తిప్పితే కొంప మునుగుతుంది. పాస్‌వర్డులు గడువు తీరిపోతాయి, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు చెల్లవు, దాచిపెట్టిన టేపులను ఇక చెరిపేయొచ్చని సిస్టమ్ అనుకుంటుంది. అందుకని అదే యంత్రంలో వేరే భాగం కేటాయించి, డేటా నకలు తీసి, అక్కడ మాత్రమే తేదీ మార్చేవాళ్లు. ఆ భాగం అన్ని టీములకూ ఒక్కటే. మా వంతు తెల్లవారుజామున రెండింటికి వచ్చేది.

అక్కడ జరిగినది ఒకటి నాకు ఇప్పటికీ మరపు రాదు. మా టీములో పరీక్షకు తయారుచేసిన నమూనా మనిషి 1950లో పుట్టినవాడు. తేదీని 2000కి మార్చి నడిపాం. వయసు 50 అని వచ్చింది. కరెక్టే. సంతకాలు చేసి పైకి పంపబోతున్నాం. అంతలో ఒకామె, ముప్పై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న క్లర్కు, "మరి 1951లో పుట్టినవాళ్లతో చూశారా?" అని అడిగింది. చూస్తే 51 వచ్చింది. రావాల్సింది 49.

ఏమైందంటే, ఆ ప్రోగ్రామును ఎవరూ సరిచేయనే లేదు. 00 లోంచి 50 తీస్తే మైనస్ 50, గుర్తు రాలితే 50. అసలు వయసూ 50. సరిగ్గా ఆ ఒక్క సంవత్సరానికి మాత్రం తప్పు లెక్క, ఒప్పు జవాబు! మేం ఎంచుకున్నదీ సరిగ్గా అదే సంవత్సరం. ఆ రోజు నుంచి గుండ్రటి అంకెలతో పరీక్ష చేయడం మానేశాను. ఇప్పటికీ చేయను.

సొంత ప్రోగ్రాము ఒక్కటీ పాసైతే సరిపోదు, గొలుసంతా పాసవాలి. సోషల్ సెక్యూరిటీ శాఖ పెన్షన్ ఎంతో లెక్కకడుతుంది. కానీ చెల్లింపులు నడిపేది ట్రెజరీ. అక్కడి నుంచి ఫెడరల్ రిజర్వ్ (అమెరికా రిజర్వ్ బ్యాంకు అనుకోండి) ద్వారా బ్యాంకులకు. మొదటి వీధి నుంచి చివరి ఇంటి దాకా నీళ్లొస్తున్నాయో లేదో చూడాలి. అదంతా అయ్యాకే 1998 డిసెంబర్ 28న అధ్యక్షుడు క్లింటన్ సోషల్ సెక్యూరిటీ వ్యవస్థ సిద్ధమైందని ప్రకటించారు.

జనవరి 1 ఒక్కటేనా, ఇంకేమైనా ప్రమాదకరమైన తేదీలు ఉన్నాయా?

చాలా ఉన్నాయి. ప్రభుత్వాలకు ముందుగా వచ్చేది ఆర్థిక సంవత్సరం. అమెరికా ఫెడరల్ ప్రభుత్వానికి 2000 ఆర్థిక సంవత్సరం 1999 అక్టోబర్ 1నే మొదలైంది. రాష్ట్రాల్లో ఎక్కువ వాటికి జూలై 1న. మనకు 99-00 అని రాసుకునే సంవత్సరం ఏప్రిల్ 1న వచ్చింది. ఇవి ఉచితంగా దొరికిన రిహార్సల్స్. అవి సాఫీగా గడిచాక మాకు కాస్త ధైర్యం వచ్చింది.

1999 ఆగస్టు 21 రాత్రి జీపీఎస్ వారాల లెక్క సున్నాకి తిరిగింది. 1999 సెప్టెంబర్ 9 గురించి పేపర్లు గోల చేశాయి. నాలుగు తొమ్మిదులు వరసగా వస్తే ఫైలు ముగిసిందని కొన్ని ప్రోగ్రాములు అనుకుంటాయని భయం. ఏమీ కాలేదు.

పేపర్లు పట్టించుకోని అంకె ఒకటుంది: 99365. మెయిన్‌ఫ్రేమ్ టేపుల మీద గడువు తేదీగా ఇలా వేస్తే ఎప్పటికీ చెరపవద్దని అర్థం. కానీ దాన్ని తేదీగా చదివితే 1999లో 365వ రోజు, అంటే డిసెంబర్ 31. శాశ్వతంగా దాచాలనుకున్నవన్నీ ఆ రాత్రి దాటగానే చెత్తబుట్టకు అర్హత సంపాదిస్తాయన్నమాట. టేపు లైబ్రరీ చూసుకునేవాళ్లు ఈ ఒక్కదాని మీదే నెలల తరబడి కూర్చున్నారు.

ఇక 2000 ఫిబ్రవరి 29. వందతో భాగించబడే సంవత్సరాలు లీపు కావు, నాలుగు వందలతో భాగించబడితే మాత్రం అవుతాయి. సగం తెలిసిన ప్రోగ్రామరు మొదటి నియమం రాసి రెండోది వదిలేస్తాడు. ఏ నియమమూ తెలియక నాలుగుతో భాగించేసినవాడి కోడ్ భేషుగ్గా పనిచేసింది!

ఇంత పనిని పైనుంచి ఎవరు చూసుకున్నారు?

1998 ఫిబ్రవరిలో క్లింటన్ ఉత్తర్వుతో ఒక కౌన్సిల్ ఏర్పడింది. దాని అధ్యక్షుడు జాన్ కోస్కినెన్. ఆయన ప్రోగ్రామరు కాదు, నిర్వహణ తెలిసిన మనిషి. శాఖలను పిలిచి, ఒకరి సమాచారం ఒకరు దాచుకోకుండా కూర్చోబెట్టడం ఆయన పని. కాంగ్రెస్‌లో స్టీఫెన్ హార్న్ అనే సభ్యుడు ఉండేవారు. పూర్వం ప్రొఫెసరు. ప్రతి కొన్ని నెలలకూ శాఖలన్నిటికీ స్కూలు పిల్లలకిచ్చినట్టు ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడులిచ్చి పత్రికలకు వదిలేవారు. నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, ఎఫ్ వచ్చిన శాఖ సెక్రటరీ పేరు మర్నాడు పేపర్లో పడితే పని ఎలా పరుగెత్తుతుందో ఊహించుకోండి.

అన్ని పనులూ ఒకేసారి కావని, ఆగితే జనజీవనం ఆగే వ్యవస్థలను ముందు ఎంచారు. అవే ఆరువేలకు పైగా తేలాయి. వాటికి గడువు 1999 మార్చి 31. ఆ రోజుకు 92 శాతం పూర్తయ్యాయి.

కంపెనీలు మాత్రం నోరు విప్పేవి కావు. తమ పరికరం సిద్ధంగా ఉందని చెప్పి, తర్వాత చెడితే కోర్టుకు లాగుతారని భయం. దాంతో 1998 అక్టోబర్‌లో ఒక చట్టమే చేశారు. మంచి ఉద్దేశంతో చెప్పిన సమాచారం మీద దావాలు వేయకుండా రక్షణ ఇచ్చేది. వాళ్లు నోరు విప్పింది ఆ తర్వాతే.

మన తెలుగువాళ్లకు దీంతో సంబంధం ఏమిటి?

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ప్రతి గోడ మీద మెయిన్‌ఫ్రేమ్ అని రాసి ఉండేది. కోబాల్, దానితోపాటు మెయిన్‌ఫ్రేమ్ మీద వాడే జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 నాలుగూ కలిపి ఒక ప్యాకేజీ. అమెరికాలో కొత్త తరం కోబాల్ వదిలేసింది, రాసిన తరం రిటైరయింది. మెకానికల్, సివిల్ చదివినవాళ్లు, ఎంసీఏలు, ఎమ్మెస్సీ లెక్కలవాళ్లు అందరూ అందులోకి దూకారు. ఇన్‌స్టిట్యూట్లలో మెయిన్‌ఫ్రేమ్ ఎక్కడుంటుంది? పీసీ మీద నడిచే కోబాల్‌తోనే నేర్చుకున్నాం. అసలు మెయిన్‌ఫ్రేమ్ తెర నేను మొదట చూసింది ఉద్యోగంలో చేరిన రోజునే.

1998 అక్టోబర్‌లోనే వచ్చిన ఇంకో చట్టంతో హెచ్1బి వీసాల పరిమితి ఏడాదికి 65,000 నుంచి 1,15,000కు పెరిగింది. అంతమంది వెళ్లింది వై2కె పనికే అనుకోకండి, కానీ తలుపు అంత వెడల్పుగా తెరవడానికి ఇదీ ఒక కారణం. 2000 దాటాక కోబాల్ అవసరం పడిపోయింది. ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్నవాళ్లు, జావా నేర్చుకున్నవాళ్లు, తిరిగొచ్చేసినవాళ్లు అన్నిరకాలూ ఉన్నారు. నేను మూడో రకం.

ఇండియాలో ఏం చేశారు?

ప్రణాళికా సంఘం సభ్యుడిగా ఉన్న మాంటెక్ సింగ్ అహ్లువాలియా నాయకత్వంలో కేంద్రం ఒక యాక్షన్ ఫోర్స్ పెట్టింది. బ్యాంకుల సంగతి రిజర్వ్ బ్యాంకు చూసుకుంది. మన అదృష్టం ఏమిటంటే మన సర్కారు ఆఫీసుల్లో చాలా వరకు పని ఇంకా ఫైళ్లు, రిజిస్టర్ల మీదే నడిచేది. కాగితానికి వై2కె లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ల శాఖ కంప్యూటరీకరణ, కార్డ్ పేరుతో, జనం ముందుకొచ్చిందే 1998 నవంబర్‌లో. ముప్పై ఏళ్ల నాటి కోడ్ మోసుకురావాల్సిన బాధ అమెరికా వాళ్లకున్నంత మనకు లేదు.

ఒక్క విషయంలో మాత్రం అందరం ఒకటే. దరఖాస్తు ఫారాల మీద, చెక్కుల మీద తేదీ దగ్గర 19 అని ముందే అచ్చువేసి ఉండేది. ఆ 19ని కొట్టేసి పైన 2000 రాసుకుంటూ ఎన్నాళ్లు గడిపామో. ఆ వై2కెకి ప్రోగ్రామరు అక్కర్లేదు, పెన్ను చాలు.

1999 డిసెంబర్ 31 రాత్రి ఏం జరిగింది?

న్యూజిలాండ్‌లో అర్ధరాత్రయ్యేసరికి మనకు సాయంత్రం నాలుగున్నర, వాషింగ్టన్‌లో పొద్దున్న ఆరు. వాళ్లకు కరెంటు ఉంది, ఫోన్లు మోగుతున్నాయి అని తెలియగానే ప్రపంచం సగం ఊపిరి పీల్చుకుంది. ప్రపంచ బ్యాంకు డబ్బుతో ఏర్పాటైన అంతర్జాతీయ వై2కె సహకార కేంద్రం దేశదేశాల కబుర్లు పోగుచేసి పంచింది. వాషింగ్టన్‌లో అయిదు కోట్ల డాలర్లతో ఒక సమాచార కేంద్రం పెట్టారు. కొలరాడోలోని ఒక వైమానిక స్థావరంలో రష్యా, అమెరికా అధికారులు పక్కపక్కన కూర్చుని క్షిపణి హెచ్చరికల తెరలు చూస్తూ గడిపారు. ఎవరి కంప్యూటరైనా పొరపాటున క్షిపణి వస్తోందంటే, ఉత్తుత్తిదని ఒకరికొకరు చెప్పుకోవడానికి. అమెరికా విమానయాన శాఖ అధిపతి జేన్ గార్వే భయమేమీ లేదని చూపడానికి ఆ రాత్రి స్వయంగా విమానమెక్కారు.

మన ఇళ్లలో టీవీలు చూస్తున్నవాళ్ల కళ్లు మాత్రం వై2కె మీద లేవు. కాందహార్‌లో హైజాకైన మన విమానంలోని బందీలు విడుదలైంది ఆ రోజే.

నేనెక్కడున్నానంటే, ఆఫీసులో. చల్లారిన పిజ్జా, వదిలేసిన కాఫీ, గోడ మీద మూడు గడియారాలు. పన్నెండు దాటాక మా బ్యాచ్ జాబులు (వరసగా నడిచే ప్రోగ్రాములు) ఒక్కొక్కటీ పూర్తవుతుంటే బోర్డు మీద టిక్కులు పెట్టాం. నాలుగింటికి ఇంటికెళ్లి పడుకున్నాను.

అయితే ఏమీ చెడిపోలేదా?

చెడినవి ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది అమెరికా గూఢచారి ఉపగ్రహాలది. గ్రీనిచ్ సమయం ప్రకారం తేదీ మారగానే, వాటి నుంచి వచ్చే సమాచారాన్ని విడమరిచే నేలమీది కంప్యూటరు పనిచేయడం మానేసింది. కొన్ని గంటలపాటు చేతికేమీ అందలేదు. అమెరికా కాలం నిర్ణయించే నేవల్ అబ్జర్వేటరీ వెబ్‌సైటు సంవత్సరాన్ని 19100 అని చూపించింది. ఇది ఎలా వస్తుందో తేలిగ్గానే అర్థమవుతుంది. 1900 నుంచి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టి, దాని ముందు 19 అతికించారు. 99 దాకా నడిచింది, 100కి బయటపడింది. జపాన్‌లో ఇషికావాలో రేడియేషన్ కొలిచే పరికరాల వ్యవస్థ మొరాయించింది, ప్రమాదం ఏమీ లేదు. డెలావేర్‌లో కొన్ని స్లాట్ మెషీన్లు ఆగాయి.

నవ్వలేనిది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో జరిగింది. గర్భిణుల్లో బిడ్డకు డౌన్స్ సిండ్రోమ్ వచ్చే అవకాశాన్ని లెక్కకట్టే ప్రోగ్రాము తల్లి వయసును తప్పుగా తీసుకుంది. 154 మందికి తప్పు ఫలితాలు వెళ్లాయి. నెలల తరబడి ఎవరూ గమనించలేదు. మొదట్లో చెప్పాను చూడండి, ఆగకుండా తప్పు జవాబిచ్చే ప్రోగ్రామని. అదే ఇది. ఆకాశంలోంచి విమానాలు పడిపోతాయన్న కథల హోరులో ఇలాంటివి ఎవరికీ గుర్తు లేకుండా పోయాయి.

అంత డబ్బు దండగేనా మరి?

ఎక్కువ గొడవ జరిగే ప్రశ్న ఇదే. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 1997 మొదట్లో 230 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా వేసింది. చివరకు సుమారు 850 కోట్లు ఖర్చుపెట్టింది. ఇంత ఖర్చయ్యాక ఏమీ జరగకపోతే మోసపోయామనే అనిపిస్తుంది.

దండగ అనేవాళ్లు బలమైన వాదనే చేస్తారు. ఇటలీ, రష్యా లాంటి చోట్ల ఆలస్యంగా, కొంచెమే చేశారు, అక్కడా ఏ ఘోరమూ జరగలేదు కదా అని. అందులో నిజం ఉంది. భయాన్ని అమ్ముకున్న కన్సల్టెంట్లు ఉన్నారు. అక్కర్లేకపోయినా వై2కె సాకుతో కొత్త కంప్యూటర్లు కొనిపించుకున్న శాఖలున్నాయి. అయితే ఆ దేశాలు కొనుక్కున్న ఆపరేటింగ్ సిస్టమ్‌లు, డేటాబేస్‌లు వేరేవాళ్లు ముందే సరిచేసి అమ్మినవి. పైగా పాత మెయిన్‌ఫ్రేముల మీద వాళ్లు అమెరికా అంతగా ఆధారపడలేదు.

నేను చెప్పగలిగింది నా చేతుల్లోంచి వెళ్లిన ప్రోగ్రాముల గురించే. టెంప్-3 లోని సంవత్సరాన్ని ఎవరూ పట్టుకోకపోయి ఉంటే, జనవరి మొదటి వారంలో కొన్ని వేల ఇళ్లకు మీ సాయం నిలిపివేయడమైనది అని ఉత్తరాలు వెళ్లేవి. వార్తల్లోకి ఎక్కేంత పెద్ద విషయం కాదు. ఆ ఉత్తరం అందుకున్న ఇంటికి మాత్రం పెద్దదే.

కిటికీ పద్ధతి చౌక దారి అన్నారు. ఆ కిటికీలు తర్వాత ఏమయ్యాయి?

చాలావరకు అలాగే ఉండిపోయాయి. హద్దును 20 దగ్గర పెట్టినవి 2020 జనవరి 1న తిరగబడ్డాయి.  ఇంకా 30, 40, 50 దగ్గర పెట్టినవి మిగిలే ఉన్నాయి. మాది 50. అప్పటికి ఈ ప్రోగ్రాము ఎక్కడుంటుందిలే అనుకున్నాం. మాకు ముందువాళ్లు అనుకున్నది కూడా అదే.

మళ్లీ ఇలాంటిది వస్తుందా?

తేదీ ఖరారైంది. యూనిక్స్ రకం సిస్టమ్‌లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడతాయి. పాత పద్ధతిలో ఆ లెక్కకు 32 బిట్ల (0 లేదా 1 పట్టే గళ్ల) చోటే ఉంది. 2038 జనవరి 19న అది నిండిపోతుంది, తర్వాతి సెకనుకు తేదీ 1901లోకి పడిపోతుంది. కొత్త కంప్యూటర్లు, ఫోన్లు 64 బిట్లకు మారిపోయాయి కాబట్టి వాటికి బెంగ లేదు. బెంగంతా ఒకసారి బిగించి మరిచిపోయిన చిన్నచిన్న పెట్టెల గురించే. మీటర్లు, గేట్లు, పంపుల కంట్రోలర్లు, సర్కారు ఆఫీసుల్లో మూలన పడి నడుస్తున్న పాత సర్వర్లు.

మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 8 సెకన్లకు. మంగళవారం. మన ఆఫీసులు తెరిచే వేళకు కాస్త ముందు.